మీ అక్క కాళ్ళు

నరసన్నపేట తాలూకా
12 జూన్ 1968

ఒరే గణపతీ,

నీ బావ అసిరయ్య రాయడం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా కోపమూ బాగానే ఉంది. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. అక్షరాలు గునపాల్లా ఉంటాయి. అయినా ఎవరి చేతా రాయించను. విజయనగరంలో బడిపంతులువి కదా, కూడబలుక్కుని చదువుకో.

మొదటి సంగతి. ఆడదాని కాళ్ళ గురించి కార్డు ముక్క మీద ఎవడైనా రాస్తాడురా? "అక్క కాళ్ళ వాపు తగ్గలేదు, పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం" అని రాశావు. మా పోస్టుమాన్ ఎర్రన్న దాన్ని నాకంటే ముందు చదివాడు. నా గుమ్మం దాకా వచ్చేలోపు కల్లుపాక దగ్గరా, కిరాణా కొట్టు దగ్గరా చదివి వినిపించాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "అసిరి మావా, అత్తకి బోదకాలేటి?" అని నలుగురిలో అడిగాడు. ఇకనుంచి మడిచి అంటించే నీలం కాయితం మీద రాయి.

రెండో సంగతి. పది రోజులని మీ అక్కని తీసుకెళ్ళావు. నెల దాటింది. ఆకుమళ్ళు పోశాం, వచ్చే నెల ఊడుపులు. ఊడ్చే ఆడవాళ్ళకి అంబలి కాయాలి, అన్నం వండాలి. మా చెల్లెలు గున్నమ్మ చేస్తోంది గాని దాని వంట మనుషులు తినేలా లేదు. మొగుడు బతికుండగా ఆడది పుట్టింట్లో ఇన్నాళ్ళు కూర్చుంటే ఊరు ఏమనుకుంటుందో నీకు తెలీదా?

బోదకాలైతే బోదకాలని చెప్పు. మా వైపు అది కొత్తేమీ కాదు. ఆ కాలితోనే మడి బురదలో దమ్ము తొక్కేవాళ్ళున్నారు. ఆముదం ఆకు వెచ్చజేసి కట్టుకుంటే సరిపోయేదానికి ఆసుపత్రులెందుకు? ఇంకో మాట. మీ అక్కకి ఉన్నది సగం వాపు, సగం బద్ధకం. రెండేళ్ళుగా చూస్తున్నాను. పిలిస్తే పలకదు, పలికితే లేవదు. నేను ఉన్నదున్నట్టు అంటాను. నొచ్చుకుంటే నొచ్చుకో.

అసిరయ్య

విజయనగరం
19 జూన్ 1968

బావగారికి,

గణపతిరావు నమస్కారాలు. కార్డు మీద రాయడం నా తప్పే. ఇది నీలం కాగితం, అంచులు మైదా జిగురుతో రెండుసార్లు అంటించాను. ఎర్రన్న ఎండకి పట్టి చూసినా ఏమీ కనబడదు.

అక్కది బోదకాలు కాదు. ఆసుపత్రిలో లేడీ డాక్టరుగారు అక్కని కుర్చీలో మోకాళ్ళ మీద నిలబెట్టి, మడమ వెనక నరం మీద చిన్న రబ్బరు సుత్తితో కొట్టారు. తేడా తెలియడానికి ముందు నన్ను కొట్టారు. నా పాదం ఠక్కున ఎగిరి ఠక్కున దిగింది. అక్క పాదం ఎగిరింది, ఎటు పోవాలో తోచనట్టు కాస్త ఆగింది, మెల్లగా దిగింది. తరవాత డాక్టరుగారు వరసగా అడిగారు. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటావా, గొంతు బొంగురుపోయిందా, జుట్టు రాలుతోందా, కూర్చున్నచోట నిద్ర వస్తోందా? అన్నిటికీ అక్క తల ఊపింది.

మెడ ముందువైపు ఒక గ్రంథి ఉంటుందట. అందులోంచి హార్మోను అనే రసం ఊరి ఒంట్లో అన్నిటినీ నడిపిస్తుంది. అక్కకి అది ఊరడం తగ్గిపోయింది. ఈ వయసు ఆడవాళ్ళలో ఇది ఎక్కువట. అందుకే ఒళ్ళు ఉబ్బింది, మాటా పనీ మెల్లబడ్డాయి. అది బద్ధకం కాదు బావా, జబ్బు. దానికి తోడు ఇన్నేళ్ళు పొయ్యి ముందూ, బురదలోనూ గంటలకొద్దీ నిలబడి కాళ్ళలో నెత్తురు పైకి ఎక్కడం తగ్గిందన్నారు. పిక్కలు కదిలితేనే అది పైకి పోతుందట.

ఆసుపత్రికి వెళ్ళిన నాటి నుంచి రోజుకొక మాత్ర ఇస్తున్నారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఎండు చేప, ఊరగాయ, అప్పడం అసలే వద్దన్నారు. పొద్దున్నే అరగంట నడవాలి. పడుకున్నప్పుడు కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండాలి. తలగడ మీద కాళ్ళు పెట్టుకోమంటే అక్క, "తలెట్టుకున్నదాని మీద కాళ్ళెట్టమంతావేట్రా?" అని కసిరింది. అందుకని మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాను.

రెండేళ్ళుగా చూస్తున్నానని మీరే రాశారు. చూసి ఊరుకున్నారా బావా?

గణపతిరావు

నరసన్నపేట తాలూకా
30 జూన్ 1968

ఒరే గణపతీ,

నా కళ్ళ సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. చూశాను, తిట్టాను కూడా. తిడితే లేచి పని చేసేది. జబ్బు మనిషి అలా లేస్తుందా? మంచానికి ఇటుకలు పెట్టి మనిషిని ఏటవాలుగా పడుకోబెట్టడం ఏ వైద్యంరా? సుత్తితో కొట్టడం కమ్మరి పని.

అది పోనీ. గున్నమ్మని మీ ఇంటికి పంపాను. ఊరికే పంపలేదు. బుట్టలో నెత్తళ్ళ ఎండు చేపలు, కొత్త ఆవకాయ, కందిపప్పు కట్టి పంపాను. మీ అక్కకి నెత్తళ్ళంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. బుట్ట ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. పప్పు ఒక్కటే ఉంచుకున్నారు. మన వాడుకలో మొగుడింటి నుంచి వచ్చిన బుట్టని ఖాళీగా కూడా తిప్పి పంపరు. అడుగున పిడికెడు బియ్యమైనా వేస్తారు, లేకపోతే బెల్లం ముక్కైనా పెడతారు. మీరు నా సరుకు నా మొహానే కొట్టారు. నా ఇంటి ఉప్పు మీకు పనికిరాదనే కదా దానర్థం?

గున్నమ్మ ఇంకా చెప్పింది. "వదిన మూల పీట మీద కూకుని సప్పిడి కూడు మింగతన్నాది అన్నా. కూరలో ఉప్పు లేదు, పులుసులో ఉప్పు లేదు. ఖైదీకైనా అంతకంటే మంచి కూడు ఎడతారు." నా పెళ్ళానికి ఉప్పు పెట్టడానికి నీ భార్య తాయారుకి చెయ్యి రాలేదా?

ఊడుపుల నాటికి మీ అక్కని పంపు. లేకపోతే నేనే వస్తాను. వస్తే మాటలు బాగుండవు.

అసిరయ్య

విజయనగరం
8 జూలై 1968

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం తాయారు చదివి రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ అక్కకి వేరే గిన్నెలో వండుతున్నది తనే.

ఉప్పు తగ్గించమన్నది డాక్టరుగారు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందట. కాళ్ళు ఇంకా బరువెక్కుతాయి. అది మా పిసినారితనం కాదు, మీ ఇంటి మీద అలకా కాదు.

బుట్ట తిప్పి పంపింది అక్కే. గున్నమ్మగారు మీకు చెప్పని ముక్క ఒకటుంది. వచ్చిన రోజు వదినా ఆడపడుచూ ఇద్దరూ పెరట్లో కూర్చుని నెత్తళ్ళు కాల్చుకుని తిన్నారు. తెల్లారేసరికి అక్క పాదాలు చెప్పుల్లో దూరలేదు. "ఇది ఇంట్లో ఉంటే నా నాలిక ఊరుకోదు, పట్టుకుపోయీ తల్లీ" అని అక్కే బుట్ట ఆవిడ చేతిలో పెట్టింది. అడుగున తాయారు బెల్లం దిమ్మ పెట్టింది. అది దారిలో ఏమైందో మీ చెల్లెల్నే అడగండి.

మంచి కబురు రాస్తాను. మాత్ర మొదలుపెట్టి ఆరు వారాలు కావస్తోంది. మొన్న అక్క దుప్పటి తీసేసి, "ఏటిరా ఈ ఉక్క!" అంది. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. రోజూ పొద్దున్నే కోట దాకా నడిచి వస్తోంది. నిన్న నాకంటే ముందు నడిచింది. పాదాల మీద ఎముకలు మళ్ళీ కనబడుతున్నాయి.

ఈ మాత్ర ఇక ఎప్పటికీ మానకూడదట. అక్క ఇంటికొచ్చాక అక్కడ దొరకాలి కదా. మాత్ర పేరు రాసిన చీటీ ఇందులో పెట్టాను. నరసన్నపేట మందుల కొట్టులో దొరుకుతుందేమో అడిగి చూడండి. శ్రావణమాసంలో నేనే తీసుకొచ్చి దింపుతాను.

గణపతిరావు

నరసన్నపేట తాలూకా
21 జూలై 1968

ఒరే గణపతీ,

బెల్లం గురించి గున్నమ్మని అడిగాను. "బస్సులో ఆకలేసినాది, తినీసినాను" అంది. కాబట్టి బుట్ట విషయంలో నేనన్న మాట తప్పు. తాయారుకి చెప్పు. తప్పైతే తప్పని నేనే అంటాను, ఒకరు నాతో అనిపించక్కర్లేదు.

కాని నువ్వు చేసింది దానికంటే పెద్ద తప్పు. చీటీ పట్టుకుని నరసన్నపేట వెళ్ళాను. మందుల కొట్టు బంగారురాజు అది చదివి లోపలికెళ్ళి సీసా తెచ్చాడు. "ఉన్నాది మావా, కావలిస్తే ఇంకా తెప్పిస్తాను. ఇది జంతువు మెడలో గ్రంథి తీసి, ఎండబెట్టి, పొడి సేసి కట్టిన మాతర" అన్నాడు.

"ఏ జంతువురా?" అన్నాను.

"అదేటో సీసా మీద లేదు. గొర్రో, పందో, ఆవో, ఎద్దో. కంపెనీవోడికే తెలియాల" అన్నాడు.

చీటీ మడిచి మొలలో దోపుకుని వచ్చేశాను. మేం మేక తింటాం, చేప తింటాం. పశువు ముట్టం. మీ అక్క పొద్దున్నే ఆవు మొహం చూడందే పొయ్యి ముట్టించదు. అలాంటి మనిషి నోట్లో ఇన్నాళ్ళుగా ఏం వేశావురా? చదువుకున్నవాడివి, ఒక్కసారైనా అడిగావా?

గున్నమ్మ రామతీర్థం రాములవారి దర్శనానికి వెళ్తోంది. దారిలో మీ ఇంట్లో దిగుతుంది. ఏ జంతువో తేలేదాకా మాత్ర ముట్టొద్దని మీ అక్కకి నా మాటగా చెప్తుంది. నువ్వు డాక్టర్ని అడిగి నాకు రాయి.

అసిరయ్య

విజయనగరం
9 ఆగస్టు 1968

బావగారికి,

మీ మాట అక్కకి చేరింది. బాగా చేరింది. ఆ రోజు నుంచి మాత్ర మింగుతున్నట్టే నటించి, కొంగున ముడి వేసి దాస్తోంది. ఉతకడానికి చీర తీసినప్పుడు తాయారుకి దొరికాయి, పదమూడు మాత్రలు.

డాక్టరుగార్ని అడిగాను. "ప్రాణం పోసేదానికి కులగోత్రాలెందుకండీ" అని మొదట చిరాకుపడ్డారు. తరవాత, ఏ జంతువో తనకీ ఖాయంగా తెలీదన్నారు. ఫ్యాక్టరీలో చేసే రకం కూడా ఒకటుందట గాని ఇక్కడ దొరకడం లేదు. ఆపితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుందని, ఆ తరవాత గుండెకి పాకుతుందని గట్టిగా చెప్పారు.

నేను అక్క దగ్గర అబద్ధమాడాను బావా. గొర్రెదేనట అన్నాను. అక్క నా మొహం చూసి నవ్వింది. "నువ్వు నా పేనం కోసం ఏదైనా సెప్తావు. మీ బావ అలాగ కాదు. నన్ను తిడితే తిట్టారు గాని, ముప్ఫై యేళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన గొర్రంటే గొర్రే. ఆయన సెప్పమను, తింతాను" అంది.

అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. గొర్రె అని ఒక్క ముక్క రాయండి. అంతే చాలు.

గణపతిరావు

నరసన్నపేట తాలూకా
17 ఆగస్టు 1968

ఒరే గణపతీ,

నన్నా అబద్ధం రాయమంటున్నావు? ఆవిడ నన్ను నమ్ముతుంది కాబట్టి ఆ నమ్మకం మీదే మోసం చెయ్యమంటున్నావు. ఇంకోడెవడైనా ఈ మాట అంటే కర్ర తీసుండేవాణ్ణి. నువ్వు మీ అక్క తమ్ముడివి కనక ఊరుకుంటున్నాను.

నువ్వే రాశావు కదా, ఉప్పు తగ్గిస్తే వాపు తగ్గుతుందని, నడిస్తే నెత్తురు ఎక్కుతుందని. అవన్నీ చెయ్యండి. ఉప్పు అసలే మానెయ్యమను. రెండు పూటలా నడిపించు. ఇంకో రెండు ఇటుకలు పెట్టు. చోడంబలి తాగించు. ఇన్ని ఉండగా ఆ మాత్ర ఒక్కటీ లేకపోతే ఏం?

ఇక్కడ ఊడుపులు సగమయ్యాయి. ఆడవాళ్ళు గట్టు మీద అంబలికి కూర్చున్నప్పుడు మీ అక్క ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. నిన్న వాళ్ళ కాళ్ళు చూశాను. ఎప్పుడూ చూడలేదు, నిన్న చూశాను. మోకాళ్ళ దాకా నీళ్ళలో నానిపోయి, నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి. మీ అక్క కూడా అలాగే నిలబడింది ఇన్నేళ్ళూ. ఊడ్చి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడేది. కూర్చోమని నేను అన్నట్టు గుర్తు లేదు.

ఇది రాయకూడదు గాని రాశాను. కొట్టెయ్యడం చేతకాదు.

అసిరయ్య

విజయనగరం
6 సెప్టెంబరు 1968

బావగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాం. ఉప్పు పూర్తిగా మానేసింది. మొదట రెండు పూటలా నడిచింది, తరవాత ఒక పూట, ఇప్పుడు వీధి గుమ్మం దాకా. అవి మాత్రకి సాయమే గాని మాత్రకి బదులు కావని డాక్టరుగారు అంటున్నారు. మళ్ళీ దుప్పటి కప్పుకుంటోంది. అన్నం ముందు కూర్చుని నిద్రపోతోంది. మాట అడిగితే జవాబుకి ఎదురు చూడాలి.

ఎలా రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను. కాలి వేళ్ళు వాచి మట్టెలు కండలో దిగిపోయాయి. వేలు నల్లబడుతోంటే కంసాలిని పిలిపించి కోయించాం. ఆయన ఆకురాయి పట్టి కోస్తున్నంతసేపూ అక్క కళ్ళు మూసుకుని, "ఆయన సల్లగుండాల, ఆయన సల్లగుండాల" అంటూనే ఉంది. మట్టెలు ఊడిన చోట ఇప్పుడు పసుపు దారం కట్టుకుంది. అదీ బిగుసుకుంటోందని రోజూ వదులు చేసుకుంటోంది.

మీకు రాయొద్దంది. రాశాను.

గణపతిరావు

నరసన్నపేట తాలూకా
12 సెప్టెంబరు 1968

ఒరే గణపతీ,

ఇందులో రెండు కాయితాలున్నాయి. ఇది నీకు. చదివి పొయ్యిలో పెట్టు. రెండోది మీ అక్కకి. పైకి చదివి వినిపించు.

నేను బతికుండగా మీ అక్క మట్టెలు కోశారని చదివాక నాకు కూడు దిగలేదు. మర్నాడు శ్రీకాకుళం బస్సెక్కాను. నాలుగు మందుల కొట్లు తిరిగాను. మూడు కొట్లలో తెలీదన్నారు. నాలుగో కొట్టులో ఒక ముసలాయన అద్దాలు పెట్టుకుని లావుపాటి పుస్తకం తీసి, వేలు పెట్టి చదివాడు. మెల్లగా చదివాడు. "ఈ రకం ఎద్దుదండీ" అన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూసి ఎద్దే అన్నాడు. ఇంకోసారి అడిగితే పుస్తకం నావైపు తిప్పాడు. అది ఇంగ్లీషు. నేను చూసి ఏం చెయ్యను?

నాగావళి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నేను అడక్కుండా ఉంటే బాగుండేది. తెలీదని రాసేవాణ్ణి. ఇప్పుడు తెలుసు.

ఇంటికొచ్చి ఎడ్లకి గడ్డి వేశాను. నలభై ఏళ్ళుగా వాటి వెనక నడిచి తిన్నవాణ్ణి. వేసి ఇవతలికి వచ్చేశాను. వాటి దగ్గర నిలబడలేకపోయాను.

పాపం ఎవరిదని ఏ పంతుల్నీ అడగలేదు. ఆయన ఏమంటాడో అని భయం వేసింది. నాకు భయం వేయడం ఇదే మొదటిసారి. తెలిసి పెట్టినవాడిదే పాపం గాని తెలియక తిన్నదానిది కాదు అని నాకు నేనే తేల్చుకున్నాను. నువ్వు కూడా అలాగే తేల్చుకో. ఎప్పటికీ నోరు జారకు. గున్నమ్మకి కూడా గొర్రె అనే చెప్పాను.

అసిరయ్య

లక్ష్మణమ్మకి అసిరయ్య రాయడం.

గణపతి చదువుతాడు, విను. నిద్రపోకు.

నీ మాత్ర సంగతి కనుక్కోడానికి నేనే శ్రీకాకుళం వెళ్ళాను. ఎవరి మాటా నమ్మలేదు. పెద్ద కొట్టులో ముసలాయన పుస్తకం తీసి నా కళ్ళముందే చూశాడు. అది గొర్రె. సంతలో మనం కొనే గొర్రె లాంటిదే. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ గొర్రే అన్నాడు.

ఆపమని చెప్పినవాణ్ణి నేనే, వేసుకోమని చెప్తున్నదీ నేనే. నిన్ను బద్ధకమని అన్నవాణ్ణి కూడా నేనే. అది తప్పు. ఆ మాట తీసేసుకుంటున్నాను.

నేను ఎప్పుడూ నీతో అబద్ధమాడలేదని గణపతితో అన్నావట. సరే. గొర్రె అని నేను చెప్తున్నాను. ఇంకెవర్నీ అడక్కు. ఈ కాయితం చదవడం అవ్వగానే తాయారుని నీళ్ళు తెమ్మను.